స్టీరియో చెవిలో గుచ్చుకుంటోందా? డబ్బు దేనిమీద పెట్టాలి, దేనిమీద వద్దు

షాపులో బ్రహ్మాండంగా వినిపించిన స్పీకర్లు ఇంటికొచ్చాక వారం తిరక్కుండానే విసుగు తెప్పిస్తాయి. గాయని "స" అన్న చోటల్లా ఈల కలుస్తుంది. వయొలిన్ పై స్థాయికి వెళ్లేసరికి గీరుతుంది. రెండు పాటలయ్యేసరికి చెయ్యి దానంతటదే వాల్యూమ్ నాబ్ మీదికి పోతుంది. ఎవరినైనా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతారు. ఒకరు ట్యూబ్ ఆంప్లిఫయర్ (పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసేది) కొనమంటారు, ఒకరు కేబుల్ మార్చమంటారు, ఇంకొకరు ఏకంగా స్పీకర్లే అమ్మేయమంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టైల్స్ నేల, ప్లాస్టరింగ్ చేసిన గోడలు, స్లాబు కప్పు ఉన్న మన ఇళ్లలో మొదట అనుమానించాల్సింది గదిని. తర్వాత బేస్, అంటే కింది స్థాయిలో గుమ్మనే శబ్దం, చాలుతోందా లేదా అన్నది చూడాలి. స్పీకర్ల వంతు మూడోది, ఆంప్లిఫయర్ వంతు ఆ తర్వాత, కేబుల్ వంతు అసలు రానే రాదు. ఖర్చు కూడా ఇదే వరసలో పెరుగుతుంది కాబట్టి ఈ వరసలో వెళ్లినవాళ్లకు నష్టం ఉండదు.

ముందు ఆ కటువు ఎక్కడుందో పట్టుకోండి

"ట్రెబుల్ ఎక్కువైంది" అనేది (ట్రెబుల్ అంటే పై స్థాయి సన్నటి శబ్దం) అందరూ అనే మాటే గానీ, అందులో కనీసం మూడు నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

మనిషి చెవి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ (సెకనుకు వేల కంపనల్లో శబ్దం స్థాయి; అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది) మధ్య శబ్దాలకు అన్నిటికన్నా చురుగ్గా స్పందిస్తుంది. చెవి రంధ్రం నిర్మాణం వల్ల 3 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో శబ్దం లోపలికి వెళ్తూనే కాస్త పెద్దదవుతుంది. ఇక్కడ రెండు మూడు డెసిబెళ్లు ఎక్కువైనా గొంతు అరుస్తున్నట్టు, వయొలిన్ ముఖం మీదికి వచ్చినట్టు ఉంటుంది. ఎక్కువమంది భరించలేకపోయేది ఈ కటువునే.

5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కువైతే స, శ, చ అక్షరాలు ఊడిపడతాయి. సుశీల గారి పాటో, జానకి గారి పాటో పెట్టి కళ్లు మూసుకుని ఆ అక్షరాలను మాత్రమే గమనించండి. గొంతు ఒకచోట, "స" మరోచోట నుంచి వస్తున్నట్టు అనిపిస్తే తేడా ఇక్కడే ఉంది. 10 కిలోహెర్ట్జ్ పైన ఎక్కువైతే గొంతు బాగానే ఉంటుంది గానీ తాళాలు, హైహాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) మాత్రం ఛిస్ ఛిస్‌మంటూ అలసట తెస్తాయి.

నాలుగోది చాలామంది గుర్తించరు. ట్రెబుల్ సరిగానే ఉంటుంది, కింద బేస్ ఉండదు. మృదంగం ఎడమవైపు గుమ్మనకుండా ఉత్త టకటక మాత్రమే వినిపిస్తుంటే, ఆ పలుచదనమే మీకు పదునుగా తోస్తోంది. వాల్యూమ్ తక్కువ పెట్టుకుని వినే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్ మిగతావాటి కన్నా వేగంగా వినపడకుండా పోతుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. పాత ఆంప్లిఫయర్ల మీద "లౌడ్‌నెస్" బటన్ ఉండేది ఇందుకే. మీ దానికి ఉంటే రాత్రిళ్లు నిస్సంకోచంగా వాడండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొన్ని వాద్యాలు పుట్టుకతోనే పదునైనవి. షేక్ చినమౌలానా గారి నాదస్వరం పెట్టి, అందులో పదునే లేకుండా పోయేలా సిస్టమ్‌ను మెత్తబరిస్తే మిగిలేది నాదస్వరం కాదు. అందుకని పరీక్షకు ఒక్క పాట చాలదు. ఒక ఆడగొంతు, ఒక మగగొంతు, ఒక వయొలిన్ లేదా నాదస్వరం, ఒక కొత్త సినిమా పాట, ఒక పాత పాట పెట్టుకోండి. కొత్త సినిమా పాట ఒక్కటే గుచ్చుకుని మిగతావి హాయిగా ఉంటే తప్పు మీ ఇంట్లో లేదు. శబ్దం పెద్దగా వినిపించాలని స్టూడియోలోనే నొక్కిపట్టి, అంచులు తెగ్గొట్టి తయారుచేసిన రికార్డింగు అది. ఆ ఒక్క పాట కోసం సిస్టమ్ మొత్తం మార్చుకుంటే పాత పాటలు మసకబారిపోతాయి.

స్టీలు గిన్నెల చప్పుడు, వీధిలో హారన్, పిల్లల కేకలు కూడా ఈమధ్య తట్టుకోలేకపోతున్నారంటే మాత్రం స్టీరియో సంగతి పక్కనపెట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.

పైసా ఖర్చులేని తనిఖీలు

అన్నిటికన్నా ముందు వైర్లు. ఎడమ స్పీకర్‌కు ప్లస్ ప్లస్‌కు వెళ్లి, కుడి స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే రెండు వూఫర్లూ (బేస్ ఇచ్చే పెద్ద కోన్‌లు) ఎదురెదురుగా పనిచేసి బేస్‌ను చంపేసుకుంటాయి. మిగిలేది పలుచటి, తలతిప్పే శబ్దం. దీన్ని పట్టుకోవడం తేలిక: గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్యలో నిలబడాలి. గది అంతా పరుచుకుపోయి ఎక్కడుందో తెలియకపోతే వెనక్కి వెళ్లి వైరు రంగులు చూడండి. ఇల్లు సర్దినప్పుడో, సున్నాలు వేయించినప్పుడో వైర్లు పీకి మళ్లీ పెట్టిన ఇళ్లలో ఇది తరచూ జరుగుతుంది.

తర్వాత సెట్టింగులు. టీవీలో "క్లియర్ వాయిస్" లాంటి మోడ్, ఫోన్‌లో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఈక్వలైజర్ (ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించేది), స్పాటిఫైలో వాల్యూమ్ లెవెల్ "లౌడ్" మీద ఉండటం, ఇవన్నీ కటువును పెంచేవే. ఆంప్లిఫయర్ మీద "ప్యూర్ డైరెక్ట్" నొక్కి ఉంటే బేస్, ట్రెబుల్ నాబ్‌లు ఎంత తిప్పినా పనిచేయవు. ఆ బటన్ తీసేసి బేస్ కాస్త పెంచి చూడండి. శుద్ధమైన శబ్దం కావాలని టోన్ నాబ్‌లను అంటరానివిగా చూడటం నాకు నచ్చదు. అవి వాడుకోవడానికే ఇచ్చారు.

మూలం కూడా ముఖ్యమే. ఎవరో యూట్యూబ్ నుంచి దించి, ఎంపీ3 చేసి, వాట్సాప్‌లో పంపిన పాటను మంచి స్పీకర్లలో పెడితే దాని లోపాలన్నీ బయటపడతాయి. అదే పాటను సీడీలోనో మంచి స్ట్రీమింగ్‌లోనో విని పోల్చండి.

స్పీకర్లను జరపడమా, తిప్పడమా

రెండింటి ఫలితం వేరు. జరిపితే ముఖ్యంగా బేస్ మారుతుంది, తిప్పితే ట్రెబుల్ మారుతుంది.

స్పీకర్‌ను వెనక గోడకు దగ్గర చేస్తే గోడ ఆసరాతో బేస్ పెరుగుతుంది. పలుచదనం జబ్బైతే ఇదే మొదటి మందు. మూడడుగుల దూరంలో ఉన్న చిన్న స్పీకర్లను అడుగు దూరానికి తెచ్చి వినండి. మరీ మూలకు నెడితే బేస్ గుబగుబలాడి గొంతు మునిగిపోతుంది, ఆ హద్దు వినికిడే చెబుతుంది.

ఇక తిప్పడం. ట్రెబుల్ ఇచ్చే అంగుళం సైజు ట్వీటర్ నుంచి వచ్చే శబ్దం పైకి వెళ్లేకొద్దీ ఇరుకవుతుంది. మీ వైపు సూటిగా చూస్తున్న ట్వీటర్‌ను కాస్త పక్కకు తిప్పితే 10 కిలోహెర్ట్జ్ పైన బాగానే తగ్గుతుంది. తాళాల ఛిస్ ఛిస్ దీనితో తగ్గుతుంది. 3 కిలోహెర్ట్జ్ కటువు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ స్థాయిలో ట్వీటర్ ఇంకా అన్ని వైపులకూ సమానంగానే వెదజల్లుతుంది. ఎటు తిప్పాలన్నది కూడా ఆలోచించాలి. స్పీకర్లు తిన్నగా ముందుకు చూస్తే ట్వీటర్ శబ్దం పక్క గోడకు ఎక్కువ తగిలి తిరిగొస్తుంది. గోడలు బోసిగా ఉంటే దీనికి వ్యతిరేకంగా చేయండి: రెండు స్పీకర్లనూ బాగా లోపలికి తిప్పి, వాటి చూపులు మీ ముఖానికి రెండడుగుల ముందే కలుసుకునేలా పెట్టండి. సూటి ట్రెబుల్ తగ్గుతుంది, పక్క గోడ గొడవా తగ్గుతుంది. మన ఇళ్లకు ఈ పద్ధతే ఎక్కువ నప్పుతుందని నా అనుభవం.

ట్వీటర్ ఎత్తు కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకు, అంటే సుమారు ఒక మీటరుకు ఉండాలి. షోకేస్ మీద పెట్టిన స్పీకర్లను ముందుకు వంచే వీలుంటే వంచండి. మీకూ స్పీకర్లకూ మధ్య గాజు టీపాయ్ ఉంటే దానిమీద మందపాటి గుడ్డ పరచండి, లేదా పాటలు వినేటప్పుడు పక్కకు జరపండి. ఆ గాజు పలక మీద పడి చెవికొచ్చే ప్రతిధ్వని గొంతులకు మెరుపు లాంటి అంచు తెస్తుంది.

గుడ్డా, ఫోమా, రాక్‌వూలా

ఈ భాగం మీద కాస్త ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే మన గదుల్లో అసలు తేడా తెచ్చేది ఇదే.

హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. చప్పట్ల తర్వాత ట్రిర్ర్‌మని సన్నటి మోత సాగితే ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతాట ఆడుతోందన్నమాట. ప్లాస్టర్, గ్రానైట్, విట్రిఫైడ్ టైల్, గాజు, ఇవన్నీ తమ మీద పడ్డ ట్రెబుల్‌లో నూటికి రెండు మూడు వంతులే పీల్చుకుని మిగతాదంతా తిప్పికొడతాయి. దీన్ని మొదట లెక్కకట్టింది వాలెస్ సబీన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త. 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదంటే, దగ్గర్లోని థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు మోయించుకొచ్చి, ఒక్కొక్కటీ పెంచుతూ మోత ఎంత తగ్గుతోందో కొలిచాడు. ఆయన సూత్రంతోనే మన హాలు చూద్దాం.

12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న ఖాళీ గదిలో ట్రెబుల్ మోత అణగడానికి పట్టే సమయం లెక్క ప్రకారం 3 సెకన్లు దాటుతుంది. ఒక చిన్న గోడ పొడవునా మందపాటి కర్టెన్ కుచ్చులుగా వేలాడదీస్తే అది ఒకటి, ఒకటింపావు సెకనుకు దిగుతుంది. దానికి ఒక సోఫా, 6 అడుగులు 9 అడుగుల మందపాటి తివాచీ జతచేస్తే 0.7 సెకను దగ్గరికి వస్తుంది. ఇంట్లో పాటలు వినడానికి సుమారు అర సెకను హాయిగా ఉంటుంది. కాబట్టి మామూలు సామాన్లతోనే చాలా దూరం వచ్చేసినట్టు. ఇది అంచనా లెక్కే, కానీ తేడా ఏ పాటిదో తెలుస్తుంది. ఏ ఆంప్లిఫయర్ మార్చినా ఇంత మార్పు రాదు.

గుడ్డల్లో కూడా ఎంపిక ఉంది. ఓరుగల్లు జంపఖానాలు అందంగా ఉంటాయి, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ పలుచటి నూలు నేత ఒక్కటే టైల్ మీద పరిస్తే అది పై ట్రెబుల్‌ను మాత్రమే కొంత పీల్చుతుంది. దానికింద దళసరి ఫెల్ట్ వేస్తే పని చేయడం మొదలవుతుంది. ఏలూరు తివాచీల్లాంటి దట్టమైన ఊలు కుచ్చుది దొరికితే అది మేలు. వేయాల్సిన చోటు స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద. సోఫా కింద దాక్కున్న తివాచీ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కర్టెన్లలో నెట్ గుడ్డ, పలుచటి పాలిస్టర్ దండగ. వెల్వెట్ లాంటి బరువైనది తీసుకోండి. కిటికీ వెడల్పుకు రెట్టింపు గుడ్డ పట్టేలా కుచ్చులు వేయించండి. గోడకు నాలుగంగుళాలు ఎడంగా రాడ్ బిగిస్తే అదే గుడ్డ ఇంకాస్త కిందిస్థాయి దాకా పీల్చుతుంది. బాల్కనీ గాజు తలుపు స్పీకర్ల వెనకో పక్కనో ఉంటే కర్టెన్ మొదట పడాల్సింది అక్కడే.

ఫోమ్ షీట్లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి, ఫొటోల్లో స్టూడియోలా కనిపిస్తాయి. నేను వద్దనే చెబుతాను. అంగుళం మందం ఫోమ్ కిలోహెర్ట్జ్ పైన మాత్రమే పనిచేస్తుంది. గది నిండా అతికిస్తే పైన జీవం పోయి, మధ్యలో మోత అలాగే మిగిలి, శబ్దం డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. పైగా మామూలు ఫోమ్ నిప్పంటుకుంటే చాలా ప్రమాదం. కోడిగుడ్ల ట్రేలు అతికించడం వల్ల లాభం దాదాపు సున్నా.

గుడ్డలు చాలనప్పుడు రాక్‌వూల్ (రాతి నారతో చేసిన పలక) ప్యానెల్. రెండంగుళాల మందం, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న స్లాబు మన దగ్గర ఇన్సులేషన్ సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. చెక్క ఫ్రేము చేయించి, లోపల స్లాబు పెట్టి, పైన ఊదితే గాలి పోయే నూలు బట్ట బిగించాలి. రెక్సిన్ కప్పితే పనికిరాదు. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. గోడకు రెండంగుళాలు ఎడంగా బిగిస్తే 500 హెర్ట్జ్ కిందికి కూడా బాగా పీల్చుతుంది, అంటే గొంతు ప్రాంతమంతా శుభ్రపడుతుంది.

ఎక్కడ బిగించాలన్నది కనుక్కోవడం సులువు. మీరు ఎప్పుడూ కూర్చునేచోట కూర్చోండి. ఇంట్లో ఒకరిని చేతి అద్దం పట్టుకుని పక్క గోడ వెంబడి నెమ్మదిగా నడవమనండి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోట గోడ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. రెండు గోడల మీదా అలా చేయండి. ప్యానెళ్లు చేయించే ముందు ఆ రెండు చోట్లా ఇంట్లో ఉన్న దళసరి బొంతలు వేలాడదీసి ఒక సాయంత్రం వినండి. "స" మెత్తబడి గొంతు మధ్యలోకి వస్తే ఖర్చుపెట్టండి. ఏ మార్పూ లేకపోతే కారణం వేరే చోట ఉన్నట్టే, డబ్బు మిగిలింది.

మొత్తం గోడలు కప్పేయాలన్న ఉత్సాహం మాత్రం వద్దు. ట్రెబుల్ పీల్చే సామాను మరీ ఎక్కువైతే బేస్ మోత ఒక్కటే మిగిలి గది ఉక్కపోసినట్టు ఉంటుంది.

ఈక్వలైజరా, ఆటోమేటిక్ సవరణా

గదిని కాస్త నెమ్మదించాక మిగిలిన కటువుకు ఈక్వలైజర్‌ను మించిన చవకైన మందు లేదు. స్పీకరే 3 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెళ్లు ఎక్కువ ఇస్తుంటే కర్టెన్లు దాన్ని సరిచేయలేవు, ఈక్వలైజర్ చేస్తుంది. అద్దం చోట ప్రతిధ్వని వస్తుంటే ఈక్వలైజర్ దాన్ని ఆపలేదు, గుడ్డ ఆపుతుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం వల్లే చాలామందికి సగం ఫలితమే దక్కుతుంది.

ఆంప్లిఫయర్ మీది ట్రెబుల్ నాబ్ ఎక్కువగా పై అంచును తగ్గిస్తుంది. దానితో 3 కిలోహెర్ట్జ్ కటువు తగ్గించాలంటే పైన ఉన్న గాలి, మెరుపు అంతా పోతుంది. అందుకే ఏ స్థాయిని, ఎంత వెడల్పున, ఎంత మార్చాలో ఎంచుకోనిచ్చే పారామెట్రిక్ ఈక్వలైజర్ కావాలి. విండోస్ కంప్యూటర్‌లో పాటలు వినేవాళ్లకు ఈక్వలైజర్ ఏపీఓ ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్నెట్ పాటలను స్టీరియోకు అందించే విమ్ (WiiM) లాంటి చిన్న స్ట్రీమర్లలో ఇది లోపలే ఉంటుంది. గొంతు అరుస్తుంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర క్యూ విలువ (మార్పు ఎంత ఇరుకుగా ఉండాలన్నది; అంకె పెరిగితే ఇరుకు) 1 పెట్టి 2 డెసిబెళ్లు తగ్గించండి. "స" ఊడిపడుతుంటే 7 కిలోహెర్ట్జ్ దగ్గర క్యూ 2 లేదా 3తో 2, 3 డెసిబెళ్లు. పలుచదనమైతే ట్రెబుల్ ముట్టుకోకుండా 100 హెర్ట్జ్ కింద 3 డెసిబెళ్లు షెల్ఫ్‌గా (ఆ కిందంతా ఒకేలా) పెంచి, ప్రీఆంప్‌ను (మొత్తం స్థాయిని మార్చే మీటను) అంతే తగ్గించండి, లేకపోతే డిజిటల్‌లోనే అంచులు తెగి కొత్త కటువు మొదలవుతుంది. ఒక మార్పు చేశాక రెండు రోజులు వినాలి. ఒకే కూర్చోవడంలో పది మార్పులు చేస్తే చెవి అలిసిపోయి ఏది మంచిదో తేల్చుకోలేదు.

ఏవీ రిసీవర్లలో (హోం థియేటర్ ఆంప్లిఫయర్లలో) వచ్చే, మైకుతో గదిని కొలిచి చేసే ఆటోమేటిక్ సవరణ బేస్ విషయంలో నిజంగా మేలు చేస్తుంది. ట్రెబుల్ విషయంలో జాగ్రత్త. మంచి స్పీకర్‌ను గదిలో పెట్టి కొలిస్తే గ్రాఫ్ బేస్ నుంచి ట్రెబుల్ వైపు నెమ్మదిగా కిందికి వాలాలి. చెవికి అదే సహజం. ఆ వాలును సాఫ్ట్‌వేర్ లోపమనుకుని చదును చేస్తే ట్రెబుల్ ఎగిసి, సవరణ చేశాకే ఎక్కువ గుచ్చుకుంటుంది. మీ రిసీవర్‌లో ఆడిసీ అనే సవరణ సాఫ్ట్‌వేర్ ఉంటే "ఫ్లాట్" బదులు "రిఫరెన్స్" పెట్టి వినండి, అందులో పై ట్రెబుల్ కాస్త తగ్గి ఉంటుంది. యాప్‌లో సవరణ ఎంతవరకు వెళ్లాలో హద్దు పెట్టే వీలుంటే 400, 500 హెర్ట్జ్ దగ్గర ఆపేసి, పైభాగాన్ని స్పీకర్‌కే వదిలేయడం నాకు నచ్చిన పద్ధతి.

కొలిచే ఓపిక ఉన్నవాళ్లకు రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ ఉచితం. దానికి యుమిక్-1 లాంటి యూఎస్‌బీ మైకు ఒకటి కొనాలి. ఒక్కసారి కొంటే స్నేహితులందరి ఇళ్లకూ పనికొస్తుంది.

స్పీకర్లు మార్చాల్సిందే అయితే

పైవన్నీ చేశాక కూడా ఆడగొంతులు, వయొలిన్ రెండూ గుచ్చుకుంటుంటే స్పీకర్‌ది తప్పే. ఇక్కడ ఎక్కువగా వినిపించే సలహా "మెటల్ డోమ్ వద్దు, సిల్క్ డోమ్ తీసుకో". (డోమ్ అంటే ట్వీటర్‌లో కదిలే గుండ్రటి పొర.) నేను ఈ సలహాను అంతగా నమ్మను. అంగుళం అల్యూమినియం డోమ్ గంటలా మోగే స్థాయి మామూలుగా 25 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ ఉంటుంది, అది మన చెవికి అందదు. కటువు తెచ్చేది చాలాసార్లు ట్వీటర్ స్థాయిని ఒకటి రెండు డెసిబెళ్లు ఎక్కువ పెట్టడం, లేదా వూఫర్, ట్వీటర్ కలిసే చోట సరిగా అతక్కపోవడం. షోరూమ్‌లో పక్క జత కన్నా "క్లియర్‌గా" వినిపించేలా కొన్నిటిని కావాలనే కాస్త పదునుగా తయారుచేస్తారు. పది నిమిషాల డెమోలో గెలిచేది అదే, రెండు నెలలకు విసిగించేదీ అదే.

చూడాల్సింది స్పినోరామా గ్రాఫ్, అంటే స్పీకర్ శబ్దాన్ని చుట్టూ అన్ని వైపుల నుంచి కొలిచి గీసినది. ఇప్పుడు చాలా స్పీకర్లకు దొరుకుతోంది. ముందువైపు గీత చదునుగా, పక్కలకు వెళ్లే శబ్దం గీత గతుకులు లేకుండా నున్నగా కిందికి దిగుతూ ఉండాలి. ఆ రెండో గీతలో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య మూపురం కనిపిస్తే, బోసి గోడల ఇంట్లో ఆ స్పీకర్ తప్పకుండా అరుస్తుంది. ఇదే స్పీకర్ తివాచీలు, పుస్తకాల అల్మరాలు నిండిన గదిలో హాయిగా ఉండొచ్చు. అందుకే అమెరికాలోనో యూరప్‌లోనో చెక్క నేల, కార్పెట్ గదిలో విని రాసిన రివ్యూను విజయవాడ ఫ్లాట్‌కు నేరుగా అన్వయించుకోవద్దు.

ఉన్న స్పీకర్ మీద ఇష్టం ఉండి ట్వీటర్ ఒక్కటే కాస్త ఎక్కువైతే, దానికి వరసలో ఒక ఓమ్ రెసిస్టర్ కలిపితే 8 ఓమ్‌ల ట్వీటర్ సుమారు ఒక డెసిబెల్ తగ్గుతుంది. కనీసం 5 వాట్లది తీసుకోండి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్ని రూపాయలకే దొరుకుతుంది. వారంటీ ఉన్న స్పీకర్‌ను మాత్రం విప్పకండి.

ఊళ్లలో అసెంబుల్ చేయించుకున్న పెద్ద బాక్సుల సంగతి వేరు. వాటిలో పీజో ట్వీటర్ (స్ఫటికపు బిళ్లతో పనిచేసే చవక రకం) ఉంటే సందేహమే అక్కర్లేదు, కటువుకు మూలం అదే. కర్టెన్ల జోలికి పోకుండా దాన్ని తీసేసి, డోమ్ ట్వీటర్, దానికి తగ్గ క్రాసోవర్ (బేస్‌ను, ట్రెబుల్‌ను విడదీసే సర్క్యూట్) పెట్టించండి.

ఆంప్లిఫయర్, కేబుల్

ఆంప్లిఫయర్ దోషి అయ్యేది ముఖ్యంగా ఒక్క సందర్భంలో: శక్తి చాలనప్పుడు. శబ్దం రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు శక్తి కావాలి. పెద్ద హాల్లో 84, 85 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఇచ్చే శబ్దం) ఉన్న చిన్న స్పీకర్లకు 20 వాట్ల ఆంప్లిఫయర్ పెట్టి గట్టిగా వింటే తబలా దెబ్బల దగ్గర అంచులు తెగి, లేని పై స్వరాలు పుట్టుకొస్తాయి. వాల్యూమ్ తగ్గిస్తే హాయిగా ఉండి, ఒక స్థాయి దాటాకే గుచ్చుకోవడం మొదలైతే ఇదే కారణం అయ్యుండొచ్చు. అప్పుడు పెద్ద ఆంప్లిఫయర్ కొనడం సమంజసమే. "వెచ్చటి శబ్దం" కోసం ట్యూబ్ ఆంప్లిఫయర్ కొనడం జూదం. దాని ధోరణి మీ స్పీకర్ ఇంపెడెన్స్‌ను (కరెంటుకు అది చూపే అడ్డును) బట్టి మారుతుంది, కొన్ని జతల్లో ట్రెబుల్ తగ్గుతుంది, కొన్నిటిలో పెరుగుతుంది. వెండి కేబుల్, రాగి కేబుల్ చర్చలో నాకు ఆసక్తి లేదు. దూరానికి తగ్గ మందం ఉన్న మామూలు రాగి వైరు చాలు.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండి గోడకు మేకు కొట్టే వీలు లేనివాళ్లు తివాచీ, కర్టెన్, స్పీకర్లు లోపలికి తిప్పడం, ఫోన్‌లోనో స్ట్రీమర్‌లోనో ఈక్వలైజర్, ఇంతటితో ఆగిపోవచ్చు. ఖాళీ చేసేటప్పుడు అన్నీ వెంట తీసుకెళ్లొచ్చు. సొంత ఇంట్లో ప్రత్యేకంగా పాటల గది ఉన్నవాళ్లు కొత్త స్పీకర్లకు దాచిన డబ్బులోంచి మొదటి విడత నాలుగు రాక్‌వూల్ ప్యానెళ్లకు, కొలిచే మైకుకు పెట్టాలి. హాల్లో అందరూ కలిసి టీవీ, పాటలు రెండూ వినే ఇంట్లో ప్యానెళ్లకు ఎవరూ ఒప్పుకోరు. అక్కడ బాల్కనీ తలుపుకు బరువైన కర్టెన్, రిసీవర్‌లో బేస్ వరకే సవరణ సరైన జోడీ.

ఇంటీరియర్ పనులు ఇంకా మొదలుపెట్టని కొత్త ఫ్లాట్ వాళ్లకు మాత్రం నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. టీవీ గోడకు నిగనిగలాడే గాజు, మార్బుల్ ప్యానెల్ వేయించకండి. మామూలు జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ ట్రెబుల్‌ను దాదాపు స్లాబులాగే తిప్పికొడుతుంది కాబట్టి, సన్నటి రంధ్రాలున్న అకౌస్టిక్ జిప్సమ్ బోర్డు, పైన రెండంగుళాల రాక్‌వూల్ వేయగలరా అని పనివాళ్లను ఇప్పుడే అడగండి. రంగులు పూర్తయ్యాక కప్పును ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.